నలభై పురుగుల మాట

గోదావరి నడిమి లంకలో ఏటా శ్రావణంలో వరదొస్తుంది. చిన్న ప్రాణాలన్నీ ఏదో ఒక చెట్టెక్కి గండం గడుపుకోవాలి. ఏ చెట్టు నిలుస్తుందో చెప్పేది వడ్రంగిపిట్ట సోమయ్య. మొదలు నుంచి చిటారు దాకా మూడు రోజులు ముక్కుతో కొట్టి చూసి, "గట్టి" అనో "డొల్ల" అనో తేల్చేవాడు. కూలి పది పురుగులు. ఆయన గట్టి అంటే లంకంతా కళ్లు మూసుకుని ఎక్కేది.

ఆ ఏడు నక్క గుంటప్ప రేవు దగ్గర పెద్ద మద్దిచెట్టు తనదేనని, అందులో వాటాలిస్తానని చాటింపు వేశాడు. ఒక్కో తొర్రకీ ఒక కుటుంబం ఏడాదంతా దాచుకున్న వేరుశెనక్కాయలు వెల. అవి రాలాలంటే సోమయ్య నోటి మాట కావాలి.

"పదేంటి బాబాయ్, నీ పెద్దరికానికి అవమానం కాదూ? నలభై ఇస్తాను," అంటూ గుంటప్ప ఆకుదొప్ప ముందుకు తోశాడు.

"నలభైకి ఎన్నాళ్లు కొట్టాలిరా?"

"ఒక్క పూట. ఎండ తగిలే వైపు చాలు. నీడ వైపు చీమలు, నీ కాళ్లు పీకేస్తాయి."

దొప్పలో పురుగులు తెల్లగా, బలిసి, మెల్లగా కదులుతున్నాయి. సోమయ్య ఒకదాన్ని ముక్కుతో తిరగేసి చూశాడు. చేవ ఉన్న కర్రలో ఇంత లావు పురుగు పుట్టదు. కుళ్లిన మానులోనే పుడుతుంది. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు లంకలో ఇంకెవరికి తెలుసు?

"ఇవెక్కడివిరా?"

"తినబోతూ రుచులెందుకు బాబాయ్?"

"ఈ మద్దిలోవేనా?" అని అడగాల్సిన మాట ఇంకొకటుంది. సోమయ్య దాన్ని మొదటి పురుగుతో పాటు మింగేశాడు. ఎండ వైపు ఒక పూట కొట్టాడు. కర్ర ఖంగుమంది. "గట్టి," అన్నాడు. ఆ వైపు గట్టిదే కదా, అబద్ధమేముంది అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు, సిగ్గులేని ముసలాడు.

ఉడుత నరసమ్మకి నలుగురు పిల్లలు. "పది పురుగుల పనికి నలభై ఇచ్చారంటే మామయ్య ఎంత నిదానంగా చూసుంటాడో!" అని మురిసిపోయి, ఉన్న కాయలన్నీ నక్కకి పోసింది. ఆమె వెనకే లంకంతా పోసింది. గుంటప్ప వాటిని అవతలి గట్టుకు చేరవేసుకుని, వరదకు ముందురోజే తానూ దాటేశాడు.

వరదొచ్చిన మూడోనాటి మధ్యాహ్నం మద్ది నీడ వైపు పెళ్లున విరిగి నీళ్లలో పడింది. తొర్రలు తొర్రలుగానే మునిగిపోయాయి. బతికిన కొందరు ఇసుకదిబ్బకి కొట్టుకొచ్చారు. నరసమ్మ వాళ్లలో ఉంది. పిల్లలు లేరు.

నీళ్లు దిబ్బ మీదికీ పాకుతున్నాయి. పక్కనే ఒక చింతచెట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సోమయ్య ఇప్పుడు దాన్ని చుట్టూరా, ముక్కు చిట్లి నెత్తురు కారేదాకా కొట్టి చూశాడు. నిజంగానే గట్టిది.

"ఎక్కండమ్మా! ఒట్టు, ఇది గట్టిది!"

నరసమ్మ తలెత్తి చూసింది. "దీనికెన్ని ఇచ్చారు మామయ్యా?"

"ఒక్కటీ తీసుకోలేదు తల్లీ."

"నలభై తీసుకుని చెప్పిన మాటకే నా నలుగురూ పోయారు. ఊరికే చెప్పిన మాట నమ్మమంటావా?"

దిబ్బ మీద ఒక్కరూ కదల్లేదు. సాయంత్రానికి దిబ్బ మునిగింది. చింతచెట్టు చెక్కుచెదరలేదు. దాని మీద సోమయ్య ఒక్కడే ఉన్నాడు.

మాట అమ్ముకున్నవాడు నిజాన్ని ఊరికే ఇచ్చినా పుచ్చుకునేవాళ్లుండరు.