ఒడిరాతి కొమ్మసానమ్మ

వెదుళ్ళకోట, రాచబండ ఊళ్ళ నడుమ వాగు ఒడ్డున ఒక కరకు గుట్ట ఉన్నది. దానిపై వెలసిన కొమ్మసానమ్మ తల్లికి గోపురం లేదు, కప్పు లేదు. కాళ్ళు ముడుచుకుని కూర్చున్న స్త్రీలాంటి ఒక నల్లరాయి, దానికి ఒడిలాంటి గుంట, అంతే. "అమ్మ చూపు ఏ ఊరివైపు?" అని భక్తులు మొదట అడుగుతారు. ఏ ఊరివైపూ కాదు. ఎందుకో తెలియాలంటే కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఈ రెండు ఊళ్ళూ రెండు రాజ్యాలు. వాగు నీటి కోసం పన్నెండేళ్ళు కొట్టుకున్నాయి. ఇరువైపులా మగదిక్కు సన్నగిల్లాక సంధి కుదిరింది. వెదుళ్ళకోట ఏలిక చోడినాయకుడు తన కూతురు కొమ్మసానిని రాచబండ రాజు మల్లభూపతికి ఇచ్చాడు. పీటల మీద పురోహితుడు పిల్ల సమ్మతి అడిగితే తండ్రే అందుకుని, "నా మాటే దాని మాట, కానివ్వండి" అన్నాడు.

అత్తవారింట ఆమె పేరుకు పట్టపురాణి. అత్తగారు మాత్రం, "పగవాడి బిడ్డ వడ్డిస్తే ముద్ద దిగుతదా?" అంటూ విస్తరి ముందు నుంచి లేచిపోయేది. కొమ్మసాని ఆ విస్తరి తీసి, మరుపూట మళ్ళీ వడ్డించేది. తాను ఓర్చుకున్నన్నాళ్ళు అటు పుట్టింట అన్న, ఇటు భర్త బతికి ఉంటారని ఆమె నమ్మిక.

పెళ్ళైన ఐదో ఏట వాగు ఎండి, నీటి పగ మళ్ళీ రాజుకున్నది. అన్న గోపన ఒడిబియ్యం పోయడానికి వచ్చాడు. పసుపు కలిపిన బియ్యం ఐదు దోసిళ్ళు చెల్లెలి కొంగులో పోస్తూ, "ఎల్లుండి పొద్దు పొడిచే వేళకు కోట దిడ్డివాకిలి గడియ తీసి ఉంచు. మిగతాది మేం చూసుకుంటాం" అని గొణిగాడు.

"ఒడి నింపనొచ్చినవా అన్నా, ఒడి కాలబెట్టనొచ్చినవా?"

"పుట్టింటి ఉప్పు మరిచినవా, చెల్లె?"

"మెట్టినింటి ఉప్పు గూడ తింటున్న గద."

గడియ తీస్తే భర్త చస్తాడు. ఊరుకుంటే అన్న మరో దారి వెతుకుతాడు. చివరకు ఆమె భర్తకు చెప్పింది: "దిడ్డి మూసి కావలి పెట్టండి. గుట్టు తెలిసిందని మా అన్న తిరిగిపోతాడు. నెత్తురు మాత్రం చిందించనని మాటివ్వండి." మల్లభూపతి ఆమె తలపై చెయ్యిపెట్టి మాటిచ్చాడు.

ఆనాడు రాజే దిడ్డి బార్లా తీయించి, లోపల మనుషుల్ని పొంచి ఉంచాడు. వచ్చినవారిని వచ్చినట్టే నరికారు. మొదట అడుగుపెట్టింది గోపన.

"నన్నొక్క మాట అడగలేదేం?" అన్నది రాణి.

"రాజ్యం సంగతి ఆడదాన్ని అడిగి చేస్తారా?" అన్నాడు రాజు.

ఒడిబియ్యం నడుముకు కట్టుకుని ఆమె కోట దాటింది. వెదుళ్ళకోట తలుపు తడితే, "అన్నను చంపించినదానికి ఇక్కడ పుట్టిల్లు లేదు" అని లోపలినుంచి తండ్రి గొంతు వినిపించింది. తిరిగి చూస్తే రాచబండ తలుపూ మూసుకున్నది. ఆమె ఈ గుట్టెక్కి, ఏ ఊరివైపూ చూడకుండా కూర్చున్నది. ఒడినిండా బియ్యం ఉండగా ఒక్క గింజ నోట వేసుకోక, తొమ్మిదో నాటికి ప్రాణం విడిచింది. రెండు కోటల బురుజుల మీది కావలివాళ్ళూ చూస్తూనే ఉన్నారు. ఒక్కరూ దిగిరాలేదు.

కొన్నేళ్ళకు ఆమె కూర్చున్న చోటే ఓబయ్య అనే గొర్రెలకాపరి ఈ రాయిని కనుగొన్నాడు. తల్లి అతని కలలోకి వచ్చి, "నాకు గుడి వద్దు. నన్నెవరూ అడగలేదు. మీ ఆడపిల్లల్ని నా దగ్గరకు పంపి అడగండి" అన్నదట.

నేటికీ ఈ ఊళ్ళలో సంబంధం ఖాయం చేసుకునేముందు పిల్ల ఒక్కతే ఒడిలో బియ్యంతో గుట్టెక్కుతుంది. పెద్దలు కిందనే ఉండాలి. బియ్యంతో దిగివస్తే సమ్మతం. రాతి ఒడిలో పోసివస్తే సంబంధం లేనట్టే. ఎందుకని అడగరాదు. మొన్న మాఘంలో ఒక పిల్ల ఖాళీ కొంగుతో దిగింది. తండ్రి పళ్ళు కొరికాడు. మగపెళ్ళివారి తాత మాత్రం చేతికర్ర అందుకుని, "లేవుండ్రి, అమ్మ చెప్పింది. ఎండెక్కకముందే ఊరు చేరుదాం" అన్నాడు. ఆ పిల్లను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఈ తల్లి ఇచ్చే వరం అదే.