రోగి ఒప్పుకోవడం లేదు

డాక్టరు పురుషోత్తంగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ పెద్దాసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే గడుసు పిల్లలు తమ సందేహాలేవో పుస్తకాల్లోనే తీర్చుకునేవారు. పచ్చకామెర్లని తొందరగా ఎలా పోల్చుకోవాలని అడిగిన ఒకణ్ణి ఆయన రోగి మంచాన్ని కిటికీ పక్కకి జరపమన్నారు. వాడు చెమటలు కక్కుతూ మంచం జరిపి, పగటి వెలుగులో రోగి కళ్ళలోని పసుపు చూసి తిరిగొచ్చాడు.

ప్రసూనకి ఇది తెలియక కాదు. ఆయన దగ్గర పీజీ రెండో ఏడు చదువుతోంది. అయినా ఆ బుధవారం కేసుల చర్చ ముగిశాక, అందరూ లేచి వెళ్తుంటే తను ఆగి అడిగింది.

"సర్, పదిలక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు. చాలామంది డాక్టర్లు జన్మలో చూడరు. అలాంటిదాన్ని పోల్చుకోలేకపోతే అది తప్పే అవుతుందా?"

వినడానికి డాక్టర్లందరి తరఫునా అడిగినట్టే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే తను తడుముకుంటోందని ఆమెకి మాత్రం తెలుసు.

చర్చకొచ్చిన కేసు పద్నాలుగో మంచం వీరవేణిది. ముప్ఫై రెండేళ్ళ మనిషి. మూత్రపిండం మీద టోపీలా కూర్చునే అడ్రినల్ అనే చిన్న గ్రంథిలో క్యాన్సరు గడ్డ, బత్తాయికాయంత. ఆ గ్రంథి మామూలుగా కార్టిసాల్ అనే రసాన్ని ఒంటికి ఎంత కావాలో అంతే ఇస్తుంది. గడ్డ పుట్టాక అదుపు తప్పి కుమ్మరించింది. దాంతో బీపీ, షుగరు, ముఖం గుండ్రంగా ఉబ్బి ఎర్రబడటం, పొట్ట పెరిగి కాళ్ళూ చేతులూ సన్నబడటం, చర్మం ఉల్లిపొరలా పలచబడి తాకితే చాలు కమిలిపోవడం. పొట్ట ఒక్కటే చూసిన ఇరుగుపొరుగు వాళ్ళు "ఒళ్ళు చేశావే" అని మెచ్చుకున్నారట.

ఈ వీరవేణి నాలుగు నెలల క్రితం ఇదే ఆసుపత్రిలో ఓపీకి వచ్చింది. చూసింది ప్రసూనే. బీపీ చూసింది, షుగరు చూసింది, రెండు జబ్బల మీదా కమిలిన మచ్చలు చూసింది. మచ్చలు కనపడ్డాక ఇంకేమీ చూడలేదు. ఎవరు కొట్టారని అడిగింది. ఎవరూ కొట్టలేదండి, వాటంతటవే వస్తున్నాయండి, మా ఆయన నామీద చెయ్యెత్తి ఎరగడండి అంది వీరవేణి. అంతకు నెల ముందే ప్రసూన ఒక శిక్షణకి వెళ్ళొచ్చింది. దెబ్బలు తిన్న ఆడవాళ్ళు చాలామంది భర్తని కాపాడుకోవడానికి లేదనే చెబుతారని అక్కడ నేర్చుకుంది. అక్కడ నేర్పిందేమీ అబద్ధం కాదు. కాని ఆ నిజాన్ని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే, వీరవేణి లేదన్నకొద్దీ ఉందనడానికే రుజువు దొరుకుతున్నట్టు తోచింది. ఓపీ చీటీ మీద ఇలా రాసింది: భర్త కొట్టినట్టు అనుమానం, రోగి ఒప్పుకోవడం లేదు.

భర్త సూర్యచంద్రం బయట నిలబడి ఉన్నాడు. రైసుమిల్లులో బస్తాలు మోసే ముఠా మనిషి. బండ చేతులు. రోజంతా తవుడు ధూళిలో ఉండటం వల్ల కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు తాగుడుదేనని ఆమె అనుకుంది. నలభై మంది వరసలో ఉండగా అతణ్ణి లోపలికి పిలిచి, ఆడదాని మీద ప్రతాపం చూపించడానికి సిగ్గులేదా అని కడిగేసింది. గేటు దగ్గరున్న పోలీసు ఔట్‌పోస్టుకి కబురు కూడా పెట్టింది. సాయంత్రం దాకా అతణ్ణి అక్కడ బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ రోజు ప్రసూన హాస్టలుకి వెళ్ళి ఎంతో తృప్తిగా అన్నం తింది. ఇప్పుడు తల్చుకుంటే ఆ తృప్తికే ఆమెకి ఎక్కువ సిగ్గేస్తోంది.

ఆ తరవాత మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆసుపత్రి గడప తొక్కలేదు. మొన్న వీరవేణి లేవలేని స్థితికొస్తే ఇరుగుపొరుగు వాళ్ళు ఆటోలో వేసుకొచ్చారు. స్కానులో గడ్డతోపాటు కాలేయంలో పెసరగింజంత నీడ ఒకటి కనిపించింది. సోమవారం ఆపరేషను. గడ్డ తీసేస్తారు. ఆ నీడ కూడా క్యాన్సరే అయితే మనిషి దక్కడం కష్టమని పెద్ద సర్జను చెప్పాడు. అది నాలుగు నెలల క్రితం ఉందో లేదో చెప్పగలిగే యంత్రం ఏదీ లేదు. ఫైలులో పాత ఓపీ చీటీ దొరికింది ప్రసూనకే. తన దస్తూరీ తను పోల్చుకుంది. చించలేదు, అంతకి దిగజారలేదు. కాని దాన్ని కాగితాలన్నిటి వెనక్కి, ఎవరూ తిప్పని చోటికి నెట్టేసింది. ఆ తరవాతే వచ్చి ప్రశ్న అడిగింది.

పురుషోత్తంగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పద్నాలుగో మంచం ఆవిణ్ణి లేపి, వరండా చివరిదాకా నడిపించి తీసుకురమ్మన్నారు. పరీక్షలేవీ చెయ్యొద్దనీ, ఏమీ రాయొద్దనీ చెప్పారు.

ప్రసూన వెళ్ళింది. వీరవేణి తనని గుర్తుపట్టిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు, అడిగే ధైర్యమూ లేదు. తొడల్లో సత్తువ లేక ఆమె లేవలేకపోతుంటే ఎడమ జబ్బ పట్టుకుని లేపింది. వరండాలో ఒకచోట ఆమె మోకాళ్ళు మడతపడ్డాయి. ప్రసూన పట్టు బిగించి ఆపింది, ఒక్క క్షణం. తిరిగి తీసుకొచ్చి పడుకోబెట్టి దుప్పటి కప్పింది. ఇంతకంటే పదిలంగా ఎవరూ పట్టుకోలేరని తనకే అనిపించింది. అలా అనుకోవడంలో కాస్త ఊరట కూడా దొరికింది.

మర్నాడు పొద్దున్న రౌండ్సులో పురుషోత్తంగారు పద్నాలుగో మంచం దగ్గర ఆగారు. సూర్యచంద్రం చేతులు వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆయన వీరవేణిని అడిగి, ఆమె ఎడమ జబ్బ మీద ఆసుపత్రి చొక్కా చెయ్యి పైకి జరిపారు. నాలుగు వేళ్ళ గుర్తులు, వెనకవైపు బొటనవేలిది, నేరేడుపండు రంగులో కమిలి ఉన్నాయి. చుట్టూ ఉన్న పీజీలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తరవాత ఎవరూ చెప్పకుండానే అందరూ సూర్యచంద్రం వైపు చూశారు. అతను అలవాటైనవాడిలా తల దించుకున్నాడు.

"ప్రసూనా, నీ చెయ్యి ఒకసారి ఇలా పెట్టమ్మా," అన్నారు పురుషోత్తంగారు.

తాకీ తాకకుండా పెట్టింది. వేలికి వేలు సరిపోయింది. బస్తాలెత్తే ఆ చేతి గుర్తులైతే ఇంతకి రెండింతలుండేవి. అందరి చూపులూ ఇప్పుడు ప్రసూన మీదున్నాయి, తలెత్తడం చాతకాలేదు. నాలుగు నెలల క్రితం ఆ మనిషి నలభై మంది ముందు ఎలా నిలబడ్డాడో ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆ అవస్థ చూడలేక కాబోలు, వీరవేణే కల్పించుకుంది. "డాక్టరమ్మగారు ఏం చెయ్యలేదండి. నేను పడిపోబోతే పట్టుకున్నారండి, అంతే."

ఆమెని ఎవరూ రెండోసారి అడగలేదు. నిజమేనా అనలేదు, భయపడి చెబుతున్నావా అనలేదు. పురుషోత్తంగారు తల ఊపి, చొక్కా చెయ్యి కిందికి సర్ది, పక్క మంచానికి కదిలారు.

రౌండ్సు అయ్యాక ప్రసూన వరండాలో సూర్యచంద్రం దగ్గరికి వెళ్ళింది. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఆ రోజు ఓపీలో మిమ్మల్ని అన్నది నేనే, తప్పు నాదే, క్షమించండి అని మాత్రం అనగలిగింది. వచ్చిన రోజే గుర్తుపట్టానని అతను చెప్పాడు. కోపం ఏమీ లేదన్నాడు. తిట్టి ఉంటే ఆమె ప్రాణానికి తేలిగ్గా ఉండేది. నేలకేసి చూస్తూ అతను ఇంకొక మాట చెప్పాడు.

"ఆవేళ్టి నుంచీ దాన్ని ముట్టుకోలేదండి నేను. దొడ్లో రెండుసార్లు పడిపోయిందండి. మళ్ళీ మచ్చ పడుద్దేమోనని చెయ్యివ్వకుండా నిలబడి చూశానండి. అదే గోడ పట్టుకుని లేచిందండి."

ప్రసూన పురుషోత్తంగారి గదికి వెళ్ళేసరికి ఆయన టీ తాగుతున్నారు. ఓపీ నాటి సంగతంతా చెప్పింది. ఔట్‌పోస్టు సంగతి చెప్పింది. చీటీ వెనక్కి నెట్టిన సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. ఎవరూ తిప్పని చోటంటే ఆయన కూడా తిప్పని చోటనుకోవడం ఆమె పొరపాటు. చివరికి సూర్యచంద్రం అన్న మాట చెప్పింది. ఇంక జన్మలో ఏ ఆడదాన్నీ, ఎవరు కొట్టారమ్మా అని అడగలేనేమో సర్, అంది.

పురుషోత్తంగారు గ్లాసు కింద పెట్టారు.

"అడగాలమ్మా. రేపూ అడగాలి. ఆవేళ అడిగావు, మంచి పనే చేశావు." తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నారు: "ఆవిడ జవాబు కూడా చెప్పింది."