ఉస్తాద్ కునుకు తీసిన చోటు

తిప్పన్నకు తాళంచెవి కావాలి.

కొండకు అవతలున్న బీళ్ళకు నీళ్ళివ్వడానికి సొరంగం తవ్వుతున్నారు. రాతిలో బెజ్జాలు వేసి కూరిన మందును పేల్చే మిషన్‌కు ఒక్కటే తాళంచెవి. అది పీరాసాయిబు మొలతాడుకు వేలాడుతూ ఉంటుంది. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఆయనకు చెప్పకుండా ఆ కొండలో గులకరాయి కూడా రాలదని కూలీల నమ్మకం.

తిప్పన్న ఆయన దగ్గరే పని నేర్చాడు. ఈ ఏడు ఉస్తాద్ పని మానుకుంటానన్నారు. ఆ తాళంచెవి ఎవరి చేతికొస్తే సొరంగం వాళ్ళది. తిప్పన్నకు అది కలలోకి కూడా వచ్చేది.

ఒకరోజు ఉస్తాద్, "ఈ పొద్దు మందు నువ్వే పెట్టు. పేల్చేది నేను పేలుస్తా" అన్నారు.

తిప్పన్న చేతికి ఎముక లేనట్టు పెట్టాడు. నడుమ బెజ్జాలతో ఊరుకోలేదు. ఉస్తాద్ ఎప్పుడూ పిసినారిగా పెట్టే అంచు బెజ్జాల్లో కూడా నిండా కూరాడు. కొండ దద్దరిల్లింది. పొగ పోయాక చూస్తే, అంత రాళ్ళగుట్ట అక్కడ ముందెన్నడూ పడలేదు. కూలీలు ఈలలు వేశారు.

"ఎట్లుంది ఉస్తాద్?" అన్నాడు తిప్పన్న. తాళంచెవి అప్పుడే తన మొలలో ఉన్నట్టు నిలబడ్డాడు.

ఉస్తాద్ గుట్ట వైపు చూడలేదు. ఊగుతున్న పెచ్చులను రాల్పించి, రాళ్ళు ఎత్తించారు. అన్నం వేళకు సంచిలోంచి చాప తీసి తిప్పన్న చేతికిచ్చారు.

"బువ్వ తిన్నాక రోంతసేపు కునుకు తీస్తా. నువ్వు పేల్చిన చోటే పరుచు."

తిప్పన్న హుషారుగా వెళ్ళాడు. తలెత్తి చూశాడు. సొరంగం కప్పు నిండా నెర్రెలు. గడ్డపారతో తట్టాడు. ఖాళీ డబ్బాలా మోగింది. పక్కన తట్టాడు, అక్కడా అంతే. రవ్వంత ఇసుక రాలి భుజం మీద పడింది.

వెనక్కి వచ్చి, ఉస్తాద్ నిన్న మందు పెట్టిన చోట తట్టాడు. రాయి ఖంగుమంది. అక్కడ అంచు బెజ్జాల సగాలు, పొడుగునా చీల్చిన వెదురు బొంగుల్లా, రాతికి అంటిపెట్టుకుని వరసగా ఉన్నాయి. తను పేల్చిన చోట అలాంటి ఆనవాలు ఒక్కటీ మిగల్లేదు. అంచున కూరిన మందు కప్పునే చీల్చేసింది.

రేపు ఆ కప్పు కింద నిలబడి బెజ్జాలు వేసేది తన బావ కాశన్న. తిప్పన్నకు భయమేసింది. అంతకు మించి సిగ్గేసింది.

చాప చుట్టి తెచ్చాడు. ఉస్తాద్ మజ్జిగన్నం కలుపుకుంటున్నారు.

"ఏం రా, పరచలేదా?"

"వద్దు ఉస్తాద్."

"ఏం, రాయి బాగా పడింది కదా?"

తిప్పన్న భుజం మీద పడ్డ ఇసుక దులుపుకున్నాడు.

"కూచో. తిను" అన్నారు ఉస్తాద్.

ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా? ఆ కప్పుకు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, సిమెంటు పూసేదాకా పని ముందుకు సాగలేదు. ఆ సిమెంటు తిప్పన్నే మోశాడు. అది ఆరేదాకా కాశన్నను మాత్రం దాని కిందికి రానివ్వలేదు.

మళ్ళీ మందు పెట్టమన్న రోజు తిప్పన్న తొందరపడలేదు. నడుమ కావలసినంత పెట్టాడు. అంచు బెజ్జాల్లో ఊరగాయ నంజుకున్నంతే పెట్టాడు. పేలింది. గుట్ట చిన్నదే.

"ఏం తిప్పన్నా, మందు అయిపోయిందా?" అన్నాడొక కూలీ.

తిప్పన్న గుట్ట వైపు చూడలేదు. పెచ్చులు రాల్పించి, లైటు పట్టుకుని కప్పంతా తట్టుకుంటూ పోయాడు. ఎక్కడ తట్టినా ఖంగుమంది. రాతిలో నిలిచిన సగం బెజ్జం వెంట వేలు పెట్టి చివరిదాకా తడిమాడు.

అన్నం వేళకు తనే వెళ్ళి చాప అడిగి తీసుకున్నాడు. ఆ కప్పు కింద పరిచి, పక్కనే కూర్చున్నాడు.

ఉస్తాద్ వచ్చి తలపాగా మడిచి తలకింద పెట్టుకున్నారు. కప్పు వైపు చూడను కూడా చూడలేదు. అటు ఒత్తిగిలి, ఇటు ఒత్తిగిలి, మొలతాడు విప్పి తాళంచెవి తీసి తిప్పన్న చేతిలో పెట్టారు.

"ఇది పక్కలో గుచ్చుకుంటాంది. నీ దగ్గర పెట్టుకో. నన్ను లేపొద్దు."