విష్ణుక్రాంత పట్నం ఎందుకు వదిలింది

ఒకప్పుడు విష్ణుక్రాంత ఇప్పటిలా గడ్డిలో నక్కి ఉండేది కాదర్రా. పట్నం నడిబొడ్డున, ఇంటి చూరును మించి పెరిగేది. పొద్దున విచ్చుకుంటే మళ్లీ దీపాలు పెట్టేవేళకే ముడుచుకునేది. ఆ నీలం పూలు ప్రహరీగోడల మీదుగా వీధిలోకి వేలాడుతుంటే దారిన పోయేవాళ్లు పని మరిచి నిలబడేవారట.

పట్నంవాళ్లకి పువ్వంటే ప్రాణం. ప్రాణమైతే ఏం చేస్తారు? కోస్తారు! తెల్లవారీ తెల్లవారకముందే ఓ చేత్తో బుట్ట, ఓ చేత్తో దోటి. చివర కొక్కెం ఉన్న పొడుగు కర్ర ఉంటుందే, అదే దోటి. ఎవరి గోడ, ఎవరి చెట్టు అని అడిగేవాళ్లు లేరు. "దేవుడికే కదమ్మా!" అంటే సరిపోయేది. పక్కింటి పూలతో పూజ చేసి, పుణ్యం మాత్రం తమ ఖాతాలో వేసుకునేవారు.

ఈ విద్యలో నాంచారమ్మను మించినవాళ్లు లేరు. రెండిళ్ల అవతలి మొగ్గ కూడా ఆమె దోటికి అందేది. పూలన్నీ కోసేస్తే గింజ ఎలా కడుతుంది? గింజే లేకపోతే మొక్క ఎలా మొలుస్తుంది? ఏటికేడాది చెట్లు తగ్గిపోయి, చివరికి నాంచారమ్మ పెరట్లో ఒక్కటే మిగిలింది.

ఓ రోజు ఆమె మనవరాలు మాణిక్యం, ఐదేళ్ల పిల్ల, పూలబుట్టలోకి తొంగిచూసింది.

"అమ్మమ్మా, ఈ పూలు బుట్టలోనే పూస్తాయా?"

"ఓసి పిచ్చితల్లీ! చెట్టుకి పూస్తాయే."

"అబద్ధం! నేను లేచి చూస్తే చెట్టుకి ఎప్పుడూ ఉండవుగా!"

నాంచారమ్మ చెట్టు వైపు చూసింది. నిజమే, పిల్ల లేచేసరికి చెట్టు రోజూ బోసిపోయే ఉంటుంది. ఆమెకు సిగ్గేసింది. చెట్టు కొసన ఇంకొక్క మొగ్గ ఉంది. "రేపు నీకు చెట్టు మీదే పువ్వు చూపిస్తానే" అని మాటిచ్చింది.

తెల్లారింది. నాంచారమ్మ నిద్రకళ్లతోనే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని పెరట్లోకి వచ్చింది. నలభై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? చెయ్యి దోటిని అందుకుంది. దోటి కొమ్మను వంచింది. విచ్చీ విచ్చని మొగ్గ బుట్టలో పడింది. అప్పుడు గానీ ఆమెకు మెలకువ రాలేదు!

ఇంతలో మాణిక్యం కళ్లు నులుముకుంటూ వచ్చి బుట్టలో చూసింది. "చూశావా అమ్మమ్మా, బుట్టలోనే పూసింది!" అని చప్పట్లు కొట్టింది.

నాంచారమ్మ దోటి పడేసి, చెట్టు మొదట్లో కూలబడి వలవలా ఏడ్చింది.

"ఏడవకు నాంచారమ్మా," అంది విష్ణుక్రాంత. "నీకు నా మీద కోపం లేదు, ఇష్టమే. ఆ ఇష్టంతోనే నావాళ్లంతా పోయారు. నీ కంట పడకుండా ఆకుల చాటున ఒక్క ఎండుకాయ దాచుకున్నాను. అందులో నాలుగు గింజలున్నాయి. వాటినైనా పట్నం దాటించు తల్లీ."

నాంచారమ్మ ఆ కాయను కొంగున ముడేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. ఇళ్లు అయిపోయాయి. తోటలు అయిపోయాయి. బండలూ గడ్డీ తప్ప ఏమీ లేని చోట ఆగి, "నేలతల్లీ, వీటిని దాచమ్మా!" అని వేడుకుంది.

"దాస్తాను. కానీ ఎత్తుగా పెరిగితే దోటి ఇక్కడికీ వెతుక్కుంటూ వస్తుంది," అంది నేలతల్లి.

"అయితే మాకు ఎత్తే వద్దు," అన్నాయి గింజలు కొంగుముడిలోంచి. "నీ ఒళ్లోనే పడుకుంటాం. మరి వంగి చేత్తో కోసేవాళ్లొస్తేనో?"

పైనుంచి సూర్యుడు అందుకున్నాడు. "మధ్యాహ్నానికల్లా ముడుచుకోండి. కోసుకెళ్లినవాళ్లు ఇల్లు చేరేసరికి బుట్టలో వడిలిపోయిన పూలే ఉంటాయి. రెండోసారి రారు."

"మరి ఊరికే చూద్దామనుకునేవాళ్లో?" అంది మాణిక్యం బిక్కమొహం వేసి.

"వాళ్లు పొద్దున్నే లేచి మా దగ్గరికే రావాలి," అని నవ్వాయి గింజలు.

నాంచారమ్మ ముడి విప్పి గింజలు గడ్డిలో చల్లింది. వానలు పడ్డాయి. ఓ ఉదయం ఇద్దరూ మళ్లీ వచ్చారు. నాంచారమ్మ అలవాటుకొద్దీ పైకే చూసి, "ఏవే? రానేలేదే!" అని బెంగపడింది. మాణిక్యం పొట్టిది కదా, ముందు దానికే కనిపించాయి.

"అమ్మమ్మా, వంగు!"

నాంచారమ్మ నడుం పట్టుకుని మెల్లగా వంగింది. గడ్డి నిండా గోరంత పూలు, అచ్చం ఆకాశం రంగువి. "చెట్టుకే పూశాయి అమ్మమ్మా! నిజంగా చెట్టుకే!" అని పిల్ల గంతులేసింది. ఆ సంతోషం చూసి నాంచారమ్మ కళ్లు చెమర్చాయి. అంతలోనే ఆమె చెయ్యి దానంతటదే పూల వైపు వెళ్లిపోతోంది.

"నా చెయ్యి పట్టుకోవే తల్లీ, గట్టిగా!" అంది. మాణిక్యం రెండు చేతులతో పట్టుకుంది. ఎండెక్కి పూలు ముడుచుకునేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

అప్పటినుంచే విష్ణుక్రాంత పట్నం దాటాక, బండల పక్కన గడ్డిలో, నేలనంటుకుని పూస్తోంది. మధ్యాహ్నానికి ముడుచుకుంటోంది. ఎక్కడ బాగా పూస్తుందని నన్నడిగితే ఏం చెప్పను? పొద్దున్నే లేవండి, ఇళ్లు అయిపోయేదాకా నడవండి, వంగి చూడండి. చెయ్యి ఊరుకోనంటే మాత్రం, పక్కవాళ్లని పట్టుకోమనండి.