ఏటి నడుమ వైద్యం

గుర్రాల కంటే పల్లకీలే ఎక్కువగా తిరిగిన కాలంలో రాజుగారి కొలువులో గవిరయ్య అనే బోయీ ఉండేవాడు. మనిషి పొట్టిగా, చేవదేరిన దుంగలా ఉండేవాడు. కొత్తగా వచ్చిన రాజవైద్యుడు విరూపాక్షశర్మ బోయీలందరి ఎత్తూ కొలిచి, త్రాసులో తూచి, "నీ ఎత్తుకి ఇంత బరువు తగదు. నువ్వు రోగివి, బరువులు మోయకూడదు" అని గవిరయ్యను కొలువులోంచి తీసేశాడు.

"ఇది కొవ్వు కాదు బాబూ, కండ. పట్టి చూడండి."

"అక్కర్లేదు, త్రాసు చెప్పింది చాలు."

ఆనాటి నుంచి గవిరయ్య ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. ఏటిగట్టున గడ్డి కోసుకు బతకసాగాడు.

ఒకనాడు రాజుగారు ఏనుగు మీద ఏరు దాటారు. వెనకే వస్తున్న వైద్యుడి పల్లకీని, త్రాసు మెచ్చిన బక్క బోయీలు మోయలేక నడిమేట్లో దించేశారు. నీళ్ళు వైద్యుడి నడుం దాకా వచ్చాయి. గట్టున గడ్డి కోస్తున్న గవిరయ్య ఆయన కంటబడ్డాడు.

"గవిరయ్యా, ఎత్తుకోరా నన్ను!"

గవిరయ్య దగ్గరికి వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. "రోగిని కదా బాబూ, బరువెత్తితే ఏమైపోతానో!"

"నీకే రోగమూ లేదురా!"

"మరి త్రాసో?"

"త్రాసుకేం తెలుసు నీ సత్తువ!"

"కాస్త గట్టిగా సెలవియ్యండి. రాజుగారు అవతలి గట్టున ఉన్నారు."

వైద్యుడు గొంతు చించుకుని అరిచాడు. రాజుగారి నవ్వు ఏరు దాటి వినబడ్డాకే గవిరయ్య వైద్యుణ్ణి చంటిబిడ్డలా భుజాన వేసుకున్నాడు.