పెద్ద హకీం నాడి చూసే వేళ

ఉదయగిరి కొండ కింద, కొయ్య గరిటెలు చెక్కేవాళ్ల వీధి చివర పెంచలయ్య వైద్యశాల ఉండేది. అరవై దాటిన ఆ వైద్యుడికి ఒక అలవాటు. పొద్దున ఏడు కాగానే, వాకిట్లో ఎంతమంది రోగులు కాచుకుని ఉన్నా సరే, లోపలి వసారాలో తన గురువు ఎదుట చాప మీద కూర్చుని కుడిచెయ్యి చాచేవాడు. గురువు గౌస్ సాహెబుకు ఎనభై ఆరేళ్లు. ఒకప్పుడు ఆ ప్రాంతంలో పెద్ద హకీం అంటే ఆయనే. నాలుగేళ్లుగా ఆయనకు పేర్లు పోయాయి, తేదీలు పోయాయి, ఎదురుగా కూర్చున్నది తన శిష్యుడన్న సంగతి కూడా పోయింది. అయినా చెయ్యి కనబడితే చాలు, ఆయన మూడు వేళ్లు వాటంతట అవే మణికట్టు మీదికి వెళ్లేవి. రాత్రి నిద్ర పట్టిందా, ఏం తిన్నావు, ఎంత దూరం నడిచావు అని అడిగేవాడు. పెంచలయ్య ఒక్కోదానికి ఆలోచించుకుని నిజం చెప్పేవాడు. ఆ పూట పెరుగు మానెయ్యమని ఆయనంటే, నిజంగానే మానేసేవాడు.

ఇదంతా చూస్తే మాల్యాద్రికి లోపల ఒకటే ఆత్రంగా ఉండేది. అతను ఆ ఇంటికి శిష్యుడిగా వచ్చి ఏడాదైంది. అంతకుముందు మందుల కంపెనీ ప్రతినిధిగా సంచీ తగిలించుకుని ఆరేళ్లు ఊరూరా తిరిగాడు. ముప్పై నాలుగేళ్లు వచ్చాక, ఒకచోట కుదురుగా కూర్చుని నాడి నేర్చుకుందామనిపించింది. కూర్చోవడమైతే కూర్చున్నాడు గానీ కుదురు మాత్రం రాలేదు. అన్నం తింటూ ఫోను చూసేవాడు, ఫోను చూస్తూ మందు నూరేవాడు. నాడి పాఠం మొదలుపెట్టిన పది నిమిషాలకే అతని చూపు వాకిలి వైపు పోయేది.

అలాంటివాడికి పెద్దాయన దినచర్య ఒక శిక్షలా తోచింది. ఆయన కుర్తా గుండీలు ఆయనే పెట్టుకోవాలి, దానికి పావుగంట. చెంబుతో నీళ్లు ఆయనే పోసుకోవాలి. తర్వాత ఒకరు పక్కనుండి బజారు చివరిదాకా నడిపించి తీసుకురావాలి. ఎండిన ఉసిరిముక్కల్లోంచి గింజలు ఏరడానికి ఒక చేట ముందు పెట్టాలి. మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకోనివ్వకూడదు. చీకటి పడకముందే ఇంట్లో దీపాలన్నీ వెయ్యాలి. ఇందులో కొంత పెంచలయ్య సొంత ఆలోచన, కొంత నెల్లూరు డాక్టరు చెప్పింది. రక్తపోటు మాత్ర తప్పకూడదు, చెవి మిషను తియ్యకూడదు, నడక, మాట, నిద్ర వేళకు జరగాలి అన్నాడు ఆ డాక్టరు. పోయిందాన్ని ఏ మందూ తీసుకురాలేదనీ, ఉన్నదాన్ని మాత్రం కొన్నాళ్లు నిలుపుకోవచ్చుననీ కూడా చెప్పాడు.

ఒక ఉదయం వాకిట్లో పద్నాలుగు మంది కూర్చుని ఉండగా, పెంచలయ్య అరగంట సేపు చెయ్యి ఇచ్చి కూర్చున్నాడు. ఆయన లేచి వచ్చాక మాల్యాద్రి ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఆయనకు తిరిగి మతి వచ్చేది లేదు. రేపు పొద్దునకి ఇది జరిగినట్టే ఆయనకు తెలీదు. మరి ఇదంతా ఎవరి కోసం?"

పెంచలయ్య చేతులు కడుక్కున్నాడు. ఆ రోజు సాయంత్రమే ఆయన పెద్దకూతురి కాన్పుకి కావలి వెళ్తున్నాడు. భార్య అప్పటికే అక్కడ ఉంది. వచ్చేసరికి ఎనిమిది రోజులవుతుంది. ఇంట్లో ఉండేది పెద్దాయనా, మాల్యాద్రీ.

"వచ్చాక చెబుతాను. అందాకా నా చెయ్యి బదులు నీ చెయ్యి ఇవ్వు," అన్నాడు.

మాల్యాద్రి రెండు రోజులు మాట నిలబెట్టుకున్నాడు, అదీ ఒంటికాలి మీద ఉన్నట్టు. పెద్దాయన వేళ్లు మణికట్టు మీద ఉండగానే ఫోను మోగితే చెయ్యి లాక్కునేవాడు. మూడోనాటికి అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఈ వయసు మనిషిని గుండీలతో కుస్తీ పట్టించడం ఏం సేవ అనుకున్నాడు. తానే నీళ్లు పోశాడు, తానే తుడిచాడు, క్షణంలో గుండీలు పెట్టేశాడు, ఇడ్లీ చిదిమి నోట్లో పెట్టాడు. ఏడున్నరకల్లా పనంతా అయిపోయింది. పెద్దాయన్ని పడక కుర్చీలో కూర్చోబెట్టి టీవీ పెట్టి, గోల తగ్గుతుందని చెవి మిషను తీసి గూట్లో పెట్టాడు. చేట జోలికీ బజారు జోలికీ పోలేదు. ఆ రోజు పాత మందుల కోసం వచ్చిన పేషెంట్లందరినీ పదకొండుకల్లా పంపించి, గురువుగారు వచ్చి చూస్తే మెచ్చుకుంటారనుకున్నాడు.

నాలుగోరోజు పెద్దాయన పగలంతా నిద్రపోయాడు, రాత్రంతా మేలుకున్నాడు. అయిదోరోజు కుర్చీలో కూర్చోలేదు. వసారా నుంచి బావి దాకా, బావి నుంచి వాకిలి దాకా తిరుగుతూనే ఉన్నాడు. వాకిట్లోకి తొంగిచూసి, వాళ్లు వచ్చారా అని అడిగాడు. ఎవరూ రాలేదు, మీరు విశ్రాంతి తీసుకోండి అని మాల్యాద్రి అరిచి చెప్పాడు. అయిదు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. మధ్యాహ్నానికి ఆ ప్రశ్న మాల్యాద్రి చెవుల్లో ఈగలా తిరగసాగింది. పెద్దాయన చేతివేళ్లు కుర్తా అంచు మీద, తలుపు రెక్క మీద, గోడ మీద దేనికోసమో తడుముతూ ఉన్నాయి. అన్నం ముట్టలేదు. సాయంత్రం మాల్యాద్రి వీధి తలుపుకు గడియ పెట్టాడు.

ఆరోరోజు పది గంటలకు, మందు తేవడానికి అతను వెనకగదిలోకి వెళ్లినప్పుడు, ఎవరో రోగి గడియ తీసి తలుపు తెరిచి వదిలేసి పోయాడు. మాల్యాద్రి తిరిగొచ్చేసరికి పెద్దాయన లేడు. చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. చెవి మిషను గూట్లోనే ఉంది.

ముందు బావిలోకి చూశాడు. నీళ్లు కదలకుండా ఉన్నాయి. మసీదుకు పరుగెత్తాడు, అక్కడ లేడు. కొండదారి మొదట్లో మేకలు కాసేవాళ్లని అడిగాడు, వాళ్లు చూడలేదు. ఎండ పెళపెళలాడుతోంది. వట్టికాళ్లతో, ఏమీ వినబడకుండా, తనెవరో చెప్పలేని మనిషి లారీలు తిరిగే రోడ్డు మీద ఎక్కడున్నాడో అనుకుంటూ మళ్లీ వీధిలోకి పరుగెత్తాడు. గరిటెలు చెక్కే ఒకతను, ఆయన ప్రతి ఇంటి గుమ్మంలోకీ చూసుకుంటూ బజారు వైపు వెళ్లాడనీ, ఎవరి కోసమో వెతుకుతున్నట్టుందనీ చెప్పాడు. మాల్యాద్రి బజారంతా రెండుసార్లు చుట్టాడు. పన్నెండు దాటాక బస్టాండులోకి వచ్చాడు.

అక్కడ వేపచెట్టు నీడలో సీతాఫలాలమ్మే మస్తానమ్మ తట్ట ముందు, గోనెపట్టా మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆమె ఎడమచెయ్యి ఆయన చేతిలో ఉంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండు రోజులుగా ఆగని ఆ కాళ్లు మడిచి, కదలకుండా ఉన్నాయి. ఒక బస్సు కండక్టరు ఆయనకు నీళ్లసీసా అందించి పక్కనే నిలబడ్డాడు.

మస్తానమ్మ మాల్యాద్రిని చూసి గొంతు తగ్గించి మాట్లాడింది. "వచ్చినోళ్లనీ పోయినోళ్లనీ చెయ్యి ఇమ్మని అడగతా ఉన్నాడయ్యా. ఒకరూ ఇయ్యలా. నేనిచ్చినాక కూర్చున్నాడు. తీస్తే లేచి రోడ్డు మీదకి పోతాడని ఇంక తియ్యలా."

ఒంటిచేత్తో పండ్లు అమ్మలేక ఆమె బేరాలన్నీ పక్కతట్టకు పోయాయని కండక్టరు చెప్పాడు. మాల్యాద్రి తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు. పట్టా మీద కూలబడి, ఆమె చెయ్యి మెల్లగా తప్పించి, ఆ స్థానంలో తన చెయ్యి పెట్టాడు.

పెద్దాయన అతన్ని గుర్తుపట్టలేదు. మూడు వేళ్లు మణికట్టు మీద ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. బస్సు ఒకటి వచ్చింది, పోయింది. మాల్యాద్రి జేబులో ఫోను మోగి ఆగిపోయింది.

"నిద్ర లేదు నీకు," అన్నాడు పెద్దాయన. "ఏం తిన్నావు పొద్దున?"

మాల్యాద్రికి గుర్తు రాలేదు. తిన్నాడో లేదో కూడా తెలియలేదు. పెద్దాయన జవాబు కోసం అతని పెదవుల వైపే చూస్తూ ఓపికగా ఎదురుచూశాడు. ఎంతకూ రాకపోయేసరికి, జ్వరంతో ఉన్నవాణ్ణి అడిగినట్టు మెత్తగా అడిగాడు.

"ఎవరు తరుముతున్నారు బేటా నిన్ను?"

బస్టాండులో అంతమంది మధ్య మాల్యాద్రి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి అతను అన్నీ మళ్లీ మొదలుపెట్టాడు. దీపాలు ముందే వేశాడు. చెవి మిషను పెట్టాడు. మర్నాడు ఏడింటికి చాప పరిచి కూర్చుంటే పెద్దాయన మూడు ప్రశ్నలూ అడిగాడు, తర్వాత బజారు చివరిదాకా నడిచాడు, గింజలు ఏరాడు, రాత్రి నిద్రపోయాడు. ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. కుర్తా తొడిగితే పెద్దాయన రెండు చేతులూ పక్కకు వాల్చి, ఎవరో వచ్చి గుండీలు పెట్టాలన్నట్టు నిలబడిపోతున్నాడు. మాల్యాద్రి ఆయన వేళ్లు పట్టుకుని మొదటి గుండీ దగ్గరికి తీసుకెళ్లేవాడు. వేళ్లు అక్కడే ఆగిపోయేవి. పావుగంట, అరగంట అలాగే ప్రయత్నించేవాడు. ఆ పనికి ఎంతసేపు పడుతోందన్న ధ్యాస అతనికి మొదటిసారిగా లేకపోయింది.

తొమ్మిదోనాటి ఉదయం పెంచలయ్య వచ్చాడు. మాల్యాద్రి గుండీల సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పాడు. పెంచలయ్య లేచి వెళ్లి గురువు కుర్తాను కాసేపు చూశాడు. ముఖం నల్లబడింది. తను వెళ్లేముందు చెబుతానన్న జవాబు ఊసు ఎత్తలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి, బస్టాండులో ఆయన నిన్ను ఏమడిగారన్నావు అని మాత్రం అడిగాడు.

"ఎవరు తరుముతున్నారని."

"చెప్పావా?"

లేదని మాల్యాద్రి తల వంచుకున్నాడు. ఆ తర్వాత కూడా రెండు పొద్దులు అడిగారనీ, తన దగ్గర మాట లేకపోయిందనీ ఒప్పుకున్నాడు.

ఏడు కావస్తోంది. పెంచలయ్య చాప తెచ్చి గురువు ఎదుట పరిచాడు. తను కూర్చోకుండా పక్కకు జరిగి శిష్యుడికి చోటిచ్చాడు.

"కూర్చో. అడిగినట్టు ఆయనకు గుర్తుండదు. నువ్వు చెప్పేదాకా అడుగుతూనే ఉంటారు."