అమ్మ వీపు మీద చింపిరి

పిల్లలూ, కాస్త దగ్గరికి జరగండి. మండే ఎండల్లో కూడా వాగు ఎండని ఒక అడవిలో, చాలా ఏళ్ల కిందట, చింపిరి అనే ఎలుగుబంటి ఉండేది. అది ముసలిదైపోయాక కూడా, తునికి పండ్లు పండే రోజులు వచ్చాయంటే చాలు, కొండ అంచున కూర్చుని తన చిన్నతనం తలచుకునేది.

ఎలుగుబంటి పిల్లలు నడక నేర్చాక కూడా కొన్నాళ్లు తల్లి వీపు మీదే తిరుగుతాయి. చింపిరి వాళ్లమ్మ వీపు మీద బొచ్చు గుబురుగా ఉండేది. దాన్ని గట్టిగా పట్టుకుని పడుకుంటే అడవంతా ఊయల ఊగినట్టుండేది. ఎండకు వేడెక్కిన ఆ బొచ్చులో మట్టి వాసనా ఇప్పపూల వాసనా కలిసి వచ్చేవి. ఆ వాసన మళ్లీ ఎక్కడా దొరకలేదు చింపిరికి.

చింపిరి మంచి పిల్లే. కానీ ఒక్క క్షణం ఆగలేకపోయేది. ఏది తోస్తే అది అప్పటికప్పుడు చేసెయ్యాల్సిందే.

ఒకరోజు అమ్మ చెదపుట్టను గోళ్లతో తవ్వింది.

"ఉండు తల్లీ! ముందు దుమ్ము ఊదాలి. ఆ తర్వాతే చెదలు పీల్చాలి," అంది.

చింపిరి వింటేగా! పుట్టలో మూతి పెట్టి జుర్రుమని పీల్చింది. ముక్కు నిండా దుమ్ము! తుమ్మి తుమ్మి కళ్లు తెరిచేసరికి చెదలన్నీ లోపలికి పోయాయి. ఆ పూట ఇద్దరూ పస్తు.

మరోరోజు దారి పక్కన రేగుపండ్లు కనిపించాయి. అమ్మ ఆగకముందే చింపిరి వీపు మీంచి దూకేసింది. పడ్డది ముళ్లలో. అమ్మ ఒక్కొక్క ముల్లూ పళ్లతో పట్టి తీసింది.

"ఆగుదామనే అనుకున్నానమ్మా. కాళ్లే ఆగలేదు," అని వెక్కి వెక్కి ఏడ్చింది చింపిరి.

అమ్మ కసురుకోలేదు. ముక్కుతో దాని చెవి నిమిరింది.

"పోనీలే. నీ కాళ్లకు మాట వినడం నేర్పుదాం," అంది.

ఆ సాయంత్రమే వాగు ఒడ్డున ఆట మొదలైంది. అమ్మ "వాగు!" అంటే పరుగెత్తాలి. "రాయి!" అంటే ఎక్కడిదక్కడ కదలకుండా నిలబడాలి. మొదట్లో "రాయి!" అనగానే చింపిరికి నవ్వొచ్చేది. నవ్వి నవ్వి కింద పడి దొర్లేది. కొన్నాళ్లకు నిలబడటం వచ్చింది. అప్పుడు అమ్మ గడ్డిపోచతో ముక్కు మీద గిలిగింతలు పెట్టేది. అదీ ఓర్చుకోవడం వచ్చాక, అమ్మ ఆటను తిరగేసింది.

"ఇవాళ 'వాగు' అంటే ఆగాలి. 'రాయి' అంటే పరుగెత్తాలి," అంది.

ఇంకేముంది, ఇద్దరూ తికమకపడి ఒకరినొకరు గుద్దుకునేవారు. ఎక్కువసార్లు అమ్మే ఓడిపోయేది. కావాలనే ఓడిపోయేదని చింపిరికి ఎన్నో ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

అలా ఉండగా తునికి పండ్ల కాలం వచ్చింది. చింపిరిని వీపున వేసుకుని అమ్మ తోపుకు బయలుదేరింది. ఇంకా చెట్ల కిందికైనా చేరలేదు. పొదలో గడ్డి కదిలింది. పెద్దపులి బయటికొచ్చింది!

అమ్మ వెనక కాళ్ల మీద లేచి నిలబడి, గోళ్లు చాచి, కొండ అదిరేలా అరిచింది. చింపిరి ఒక్కసారిగా వీపు మీంచి జారి, బొచ్చు పట్టుకుని వేలాడింది.

పులి మెత్తగా పిలిచింది.

"ఓ పిల్లా! మీ అమ్మతోనే నాకు పని. నువ్వు దూకి పారిపో. ఇంత చిన్నదానివి, నిన్ను నేనేం చేస్తాను?"

దూకెయ్, పరుగెత్తెయ్ అని చింపిరి ఒళ్లంతా లాగింది. అమ్మ ఏదైనా చెబుతుందేమోనని చూసింది. అమ్మకు ఊపిరి తీసుకునే తీరికే లేదు. పులి కుడికి వస్తే కుడికీ, ఎడమకు వస్తే ఎడమకూ తిరిగి అరుస్తోంది.

అప్పుడు చింపిరి కళ్లు మూసుకుంది. అమ్మ బొచ్చును పళ్లతో కూడా పట్టుకుంది. తనకు తానే లోపల అనుకుంది: "రాయి. రాయి. రాయి."

పులి అమ్మ వెనక వైపుకు వచ్చింది. తోక ఆడించింది. పళ్లు చూపించి గాండ్రించింది. చింపిరి దిగలేదు. పిల్ల దిగితే తన్నుకుపోదామని వచ్చిన పులికి, అమ్మ గోళ్ల జోలికి పోయే ధైర్యం లేదు.

"ఈ పిల్ల దిగేలా లేదు," అని గొణుక్కుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది.

పులి అలికిడి పూర్తిగా ఆగాక అమ్మ అక్కడే కూలబడింది. చింపిరి దిగి చూస్తే, అమ్మ ఒళ్లంతా వణుకుతోంది. అంత పెద్ద అమ్మ వణకడం అది ఎన్నడూ చూడలేదు.

"నీకూ భయమేసిందా అమ్మా?"

"వేసింది తల్లీ."

"పారిపోవాలనిపించిందా?"

"కాళ్లు లాగేశాయనుకో."

"మరి పారిపోలేదేం?"

అమ్మ దాన్ని పొట్టకు హత్తుకుంది.

"నువ్వు వీపు మీద కదలకుండా ఉన్నావుగా. నువ్వే ఆగగలిగినప్పుడు నేను ఆగలేనా?" అంది.

ముసలితనంలో చింపిరికి చాలా సంగతులు మరపున పడ్డాయి. ఆ మాట మాత్రం అమ్మ గొంతుతోనే వినిపించేది.

నీతి: మనసు తొందరపెట్టినప్పుడు ఆగగలగడం పుట్టుకతో రాదు. ఆటపాటల్లో రోజూ అలవాటు చేసుకుంటే, అది మనల్నే కాదు, మనవాళ్లనూ నిలబెడుతుంది.